అంకితభావం ఆన్ డ్యూటీలో ఉంది

పాఠం చెప్పే సారును పట్టుకుని ఎవరైనా గొప్ప ఉపాధ్యాయుడంటే నాకు నవ్వొస్తుంది. తరగతి గదిలో పాఠం చెప్పడం కూడా ఒక గొప్పేనా అండీ? అక్కడ చూసేదెవరు? ముప్పై ఇద్దరు పిల్లలు, ఒక నల్లబల్ల, పైన కిర్రుమనే ఫ్యాను! ఫోటో తీసేవారు లేరు, శాలువా కప్పేవారు లేరు. అంకితభావం అన్నాక నలుగురికీ కనిపించాలి. కనిపించాలంటే సారు గది దాటి బయటికి రావాలి. ఎంత దూరం వస్తే అంత అంకితభావం!

ఊరికే అనడం లేదు. రుజువుగా రత్నాకర్ సారు ఉన్నారు.

చేవెళ్ల రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఒక ఊరు వస్తుంది. ఆ ఊరి సర్కారు హైస్కూల్లో ఆయన లెక్కల సారు. నలభై ఏడేళ్లు. డీఎస్సీలో జిల్లాకు పదకొండో ర్యాంకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలను ఎండలో నిలబెట్టి, కట్టె నీడ కొలిపించి, దాన్నిబట్టి వాటర్ ట్యాంకు ఎత్తు లెక్కగట్టించేవారట. అప్పట్లో ఆయనకు పనిలేదు పాపం!

ఇప్పుడలా కాదు. పొద్దున్నే బడికి రాగానే ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. నవ్వితే ఆ యాప్ ఆయన్ను గుర్తుపట్టదు. అందుకని బడి ఆవరణలో నవ్వడం మానేశారు. తర్వాత పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం గుడ్ల ఫోటో, బాత్రూముల ఫోటో. సిగ్నల్ మేడ మీద తప్ప దొరకదు కాబట్టి, మొదటి పీరియడ్ మేడ మీదే గడుస్తుంది. అది కాగానే ఏదో ఒక సర్వే. ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఇంట్లో ఎందరు, వారిలో కళ్లద్దాలు ఎందరికి? సర్వేలు లేని వారం శిక్షణ. పోయిన ఆగస్టులో జిల్లా కేంద్రంలో అయిదు రోజులు కూర్చోబెట్టారు. శిక్షణాంశం: ‘బోధనా సమయాన్ని వృథా చేయకుండా ఉండటం ఎలా?’

ఇంతటి శ్రమజీవికి ఒక బిడ్డ. పేరు దీవెన, తొమ్మిదో తరగతి. ఎక్కడ చదువుతోందనుకున్నారు? మొయినాబాద్‌లో, వాళ్ల ఇంటి దగ్గరి మిషన్ బడిలో!

దీన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. హోటల్ నడిపేవాడు మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారేజీ తెప్పించుకుంటే మనం ఏమైనా అంటామా? ఇదీ అంతే. అసలే సర్కారు బడికి టీచర్లు తక్కువ. ఇంకో పిల్లను తెచ్చి ఆ భారం పెంచడం ఎందుకని సారు ఆలోచించారు. ఎంత పెద్ద మనసు!

ఆ మిషన్ బడి సంగతీ చెప్పాలి. ఒకప్పుడు రెండు గదుల పెంకుటిల్లు. బీదల పిల్లలకు అక్షరం ముక్క నేర్పడానికే పుట్టింది. రత్నాకర్ సారు తండ్రి స్వామిదాసు పలక పట్టింది అక్కడే. ఇప్పుడు మూడంతస్తులు. శిలువ కింద మూడు బోర్డులు: ఐఐటీ ఫౌండేషన్, అబాకస్, స్మార్ట్ క్లాస్. బీదల పిల్లలు ఇప్పటికీ ఆ గేటు దాకా వస్తారు, బడి బస్సులు చూడటానికి.

ఆ బడిలో తొమ్మిదో తరగతి దాకా లెక్కలు చెప్పేది విమలమ్మ టీచర్. రోజుకు ఏడు పీరియడ్లు. సాయంత్రం బస్సు డ్యూటీ. డిసెంబరు వస్తే క్రిస్మస్ నాటకానికి గొర్రెల వేషాలు కుట్టే డ్యూటీ. జీతం మాట ఎత్తితే కరెస్పాండెంట్ అబ్రహాము గారు కళ్లు మూసుకుని, “అమ్మా, ఇది ఉద్యోగం కాదు, పిలుపు” అంటారు. పిలుపుకు పీఎఫ్ ఉండదు కదా!

విమలమ్మకూ ఒక బిడ్డ. పేరు కృపాజ్యోతి, పదో తరగతి. ఆ పిల్ల ఎక్కడ చదువుతోంది? రత్నాకర్ సారు బడిలో. విమలమ్మ ఇల్లు ఆ ఊళ్లోనే. మిషన్ బడిలో స్టాఫ్ పిల్లలకు సగం ఫీజే. కాకపోతే ఆ సగం కట్టాలంటే ఆమె ఇంకో బడి నుంచి కూడా పిలుపు అందుకోవాలి.

అలా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు హైవే మీద సారు బండి చేవెళ్ల వైపు, టీచరమ్మ బస్సు మొయినాబాద్ వైపు. ఇద్దరూ ఎదురెదురుగా, ఒకరి బిడ్డకు చదువు చెప్పడానికి ఇంకొకరు!

నవంబరులో మిషన్ బడి పేరెంట్స్ మీటింగ్ జరిగింది. సారు విమలమ్మ ఎదుట కూర్చుని దీవెన ప్రోగ్రెస్ కార్డు బల్ల మీద పెట్టారు.

“మేడం, పోయిన పరీక్షల కంటె నాలుగు మార్కులు తగ్గినయ్. పాఠం సరిగ్గ అయితలేదా?”

విమలమ్మ నోట్‌బుక్ తెరిచింది. “పాఠం అర్థమైతున్నది సార్. తొందరెక్కువ. గిక్కడ చూడుండ్రి, సమీకరణంల అటుదిటు వేసినప్పుడు గుర్తు మార్చుడు మర్చిపోతున్నది. లంచ్ టైముల రోజు పది నిమిషాలు నా పక్కన కూసోబెట్టుకుంటున్న. నెల రోజులల్ల సెట్ అయితది.”

సారు తృప్తిగా తలూపి లేచారు.

“సార్, ఒక్క మాట” అంది విమలమ్మ. “మా కృప క్లాసుల సరూప త్రిభుజాలు అయినయా?”

“నడుస్తున్నయమ్మా.”

నడవడానికి అవి ఇంకా పుట్టనే లేదు. పదో తరగతి వర్గ సమీకరణాల దగ్గర ఆగి రెండు నెలలైంది. విమలమ్మ వృత్తే నోట్‌బుక్కులు దిద్దడం. ఇంట్లో బిడ్డ లెక్కల నోట్‌బుక్ తీసి చూడకుండా ఉంటుందా? అందులో చివరి తేదీ సెప్టెంబరు ఇరవై మూడు. ఆమె మాత్రం “మంచిది సార్” అని తల వంచుకుని తర్వాతి పేరెంట్‌ను పిలిచింది. ఆమెకు అంతా తెలుసని ఆ తల వంచుకోవడంలోనే సారుకు అర్థమైంది. మెట్లు దిగుతుంటే, ఆమె కేకలు వేసినా బాగుండేదనిపించింది. ఇంటికి వచ్చాక దీవెన “టీచర్ ఏమన్నది డాడీ?” అని అడిగితే, “నిన్ను కాదు, నన్నే అన్నది” అని నోటి దాకా వచ్చిన మాటను మంచినీళ్లతో మింగేశారు.

ఇలాంటి నీరసం ఎంతో కాలం ఉండకుండా సమాజం చూసుకుంటుంది. సమాజం అంటే ఇక్కడ జగదీశ్ గారు. సిటీలో వ్యాపారం బాగా చేసి, జన్వాడ వైపు ఫామ్‌హౌస్ కట్టుకుని, ఇప్పుడు పల్లె చదువుల గురించి బెంగపెట్టుకునే తీరిక సంపాదించిన పెద్దమనిషి. ఆయన మనవలు చదివే బడిలో బస్సుకు కూడా ఏసీ ఉంటుంది. అందువల్ల సర్కారు బడి మీద గానీ, మిషన్ బడి మీద గానీ ఆయనకు పక్షపాతం లేదు.

డిసెంబరు మొదటి శనివారం తన ఫామ్‌హౌస్ లాన్‌లో ఆయన చర్చ పెట్టారు. విషయం: ‘అంకితభావం ఎక్కడ? సర్కారు బడిలోనా, మత సంస్థల బడిలోనా?’ సర్కారు తరఫున మాట్లాడమని రత్నాకర్ సారుకు మండల ఆఫీసు ఆన్ డ్యూటీ ఇచ్చింది, అంటే బడికి వెళ్లకపోయినా వెళ్లినట్టే లెక్క. సారు మూడు రోజులు ప్రిపేర్ అయ్యారు. ఆ మూడు రోజులూ పదో తరగతికి స్వయం అధ్యయనం. మిషన్ తరఫున అబ్రహాము గారు విమలమ్మను పంపారు. కాదనడం ఆమెకు రాదని ఆయనకు తెలుసు. చప్పట్లకు జనం కావాలి కాబట్టి రెండు బడులూ మూసి, టీచర్లనూ పెద్ద పిల్లలనూ అక్కడికే తరలించారు. పిల్లలు మాత్రం గడ్డి తొక్కకూడదు. విదేశీ గడ్డి!

రత్నాకర్ సారు మైకు అందుకున్నారు. “మేము పోటీ పరీక్ష రాసి వచ్చినవాళ్లం! మా గేటు దగ్గర కులం అడగం, మతం అడగం, ఫీజు అడగం. ఆకలితో వచ్చిన పిల్లకు అన్నం పెట్టి అక్షరం చెప్తాం!”

చప్పట్లు. అబద్ధమా అది? కాదు. ఆ మాట ఆయన నమ్మే అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. చప్పట్లు మనిషిని ఆగనిస్తాయా?

“మరి అక్కడో? పొద్దున్నే దేవుణ్ని పిలుస్తారు. పదో తారీఖు దాటితే తండ్రిని పిలుస్తారు!”

లాన్ అంతా ఘొల్లుమంది. అబ్రహాము గారు సగం ముఖంతో నవ్వారు. మిగతా సగం ఆదివారం ఆరాధనకు దాచుకున్నట్టున్నారు. అక్కడ సారు ఆయన వెనక రెండో వరుసలోనే కూర్చుంటారు మరి.

విమలమ్మ లేచింది. చేతిలో అబ్రహాము గారు టైపు చేయించి ఇచ్చిన కాగితం. “మా సంస్థలో ఉపాధ్యాయులు ప్రేమతో, త్యాగంతో...” అని మొదలుపెట్టి ఆగింది. కాగితం మడిచింది.

“సార్ చెప్పింది నిజమే. మా బడిల ఫీజు కట్టలేకనే నా బిడ్డను సార్ బడికి పంపిన.”

మైకు కీచుమంది.

“ఆ బడి మంచిదే. సార్ లెక్క చెప్పినట్టు ఇంకెవ్వరు చెప్పలేరు. జూన్ల రెండు వారాలు వరసగ చెప్పిండు. నా బిడ్డ ఇంటికొచ్చి అది నాకే నేర్పింది. సెప్టెంబర్ సంది మళ్ల ఏం నేర్పలే.” ఆమె రత్నాకర్ సారు వైపు చూసింది. “సార్ బిడ్డకు నేను చెప్తున్న. నా బిడ్డకు సార్ చెప్పాలె. గంతే. అంకితభావమంటే నాకు తెల్వది.”

కూర్చుంది. రత్నాకర్ సారుకు తన బూట్ల వైపు తప్ప ఎటు చూడాలో తోచలేదు. ముందు వరుసలో ఉన్న దీవెన తండ్రినే చూస్తోంది.

జగదీశ్ గారు మాత్రం ఆనందంతో లేచి నిలబడ్డారు. “అద్భుతం! సర్కారు సారు మిషన్‌ను నమ్మారు. మిషన్ టీచర్ సర్కారును నమ్మారు. ఇంతకన్నా పరస్పర విశ్వాసం ఎక్కడైనా ఉందా? ఇద్దరూ గెలిచారు!”

రెండు శాలువాలు, రెండు మెమెంటోలు. ఫోటోలు దిగుతుండగా వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తాడు. ముడిమ్యాల వైపు టమాట వేసే కుర్మయ్య. సారు బడిలో పిల్లల తల్లిదండ్రుల కమిటీకి ఆయనే చైర్మన్.

“సారూ, జర ఒక్క మాట. ఇయ్యాల శనివారం, బడి ఉండే దినం గద. రెండు బళ్లల్ల పాఠం ఎవరు చెప్తున్నరు?”

“చాలా లోతైన ప్రశ్న” అన్నారు జగదీశ్ గారు. “దీని మీద వచ్చే నెల ఇంకో చర్చ పెట్టుకుందాం. ఇప్పుడు భోజనాలు!”

పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ రోజు మనస్ఫూర్తిగా మోగిన చప్పట్లు అవే.

సోమవారానికల్లా సారుకు ఆర్డరు వచ్చింది. అంత బాగా మాట్లాడిన మనిషిని ఒక్క తరగతికి పరిమితం చేయడం అన్యాయమని పైవాళ్లకు అనిపించింది. ఆయన్ను ‘మండల ప్రేరకుడు’గా వేశారు. విద్యా సంవత్సరం ముగిసేదాకా బడిబడికీ తిరిగి, తరగతి గదిని విడిచిపెట్టకుండా పాఠం చెప్పడం ఎంత అవసరమో టీచర్లకు ఉపన్యాసం ఇవ్వాలి. మరి పదో తరగతి లెక్కలు? సర్దుబాటు చేశారు లెండి. ఆటల సారుకు అప్పగించారు. ఆయన పిల్లలను గ్రౌండ్‌లో త్రిభుజం ఆకారంలో నిలబెట్టి, విజిల్ వేసి, సిలబస్ పూర్తి చేయడం మొదలుపెట్టారు.

రత్నాకర్ సారు కాదనలేదు. కాదనాలని మాత్రం ఉండింది. ఆర్డరు జేబులో పెట్టుకుని రెండు సార్లు ఆఫీసు మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. తర్వాత తిరగడం మొదలుపెట్టారు. శంకర్‌పల్లి రోడ్డు వైపు కొన్ని బడులు, మొయినాబాద్ హద్దు దాకా కొన్ని. పోయిన చోటల్లా టీ, సమోసా, శాలువా. ఇంట్లో శాలువాలు పెట్టే చోటు చాలక దీవెన కంప్యూటర్ మీద కప్పుతున్నారు.

జనవరి మూడో వారంలో ఒక సాయంత్రం, ఏదో సంతకం కోసం పాత ఊరికి వచ్చి తిరిగి వెళ్తూ, విమలమ్మ ఇంటి ముందు సారు బండి ఆపారు. ఆపింది ఆమెతో మాట్లాడదామని కాదు, వాకిట్లో కనిపించిన చెప్పులు చూసి. పద్నాలుగు జతలు. అరుగు మీద ఆయన పదో తరగతి పిల్లలు. నడుమ విమలమ్మ. మెడలో బడి ఐడీ కార్డు కూడా తీయలేదు, గచ్చు మీద సుద్దతో త్రిభుజాలు గీస్తోంది. ఫామ్‌హౌస్ నుంచి వచ్చిన సోమవారమే బిడ్డకు చెప్పడం మొదలుపెట్టిందట. బిడ్డతో పాటు క్లాస్‌మేట్ నీలవేణి వచ్చింది. ఆ వెనక మిగతావాళ్లు.

“సార్!” అని కృపాజ్యోతి లేచింది. అందరూ లేచారు.

ఆ లేవడం సారుకు ముల్లులా గుచ్చుకుంది.

విమలమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుంది. ఎత్తిపొడుపు ఏదో వస్తుందని ఆయన సిద్ధంగా నిలబడ్డారు. రాలేదు.

“లోపటికి రాండ్రి సార్. గీ ఏడో లెక్క నాకే వస్తలేదు. మా బడిల పదో తరగతికి సిటీ నుంచి వేరే సార్లు వస్తరు, నాకు ఇయ్యరు. ఇంటర్ల చదివిన, యాదికి లేదు.”

సారు చెప్పులు విప్పారు. సుద్ద తీసుకున్నారు. మొదటి గీత వంకర పోయింది. చెరిపి మళ్లీ గీశారు. “చూడుండ్రి, ఈ రెండు కోణాలు సమానం. ఎట్ల అంటరు?” నీలవేణి చెప్పబోయి తడబడితే, “ఫికర్ లేదు, తప్పైనా చెప్పు” అన్నారు. దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే ఉన్నారు. లేచేసరికి ప్యాంటు మోకాళ్ల మీద తెల్లటి మరకలు. దులుపుకోబోయి, మానేశారు.

మర్నాడు ఆయన ప్రేరేపించాల్సిన బడి ఎడమ వైపు. బండి కుడికి తిరిగింది. తన బడిలో, తన పదో తరగతికి, రెండు పీరియడ్లు వరసగా పాఠం చెప్పారు. ఆ మర్నాడూ అంతే. పదకొండు రోజులు! దీనివల్ల మండలానికి జరిగిన నష్టం చూడండి. ఉపన్యాసం కోసం హాల్లో కూర్చోవలసిన టీచర్లకు ఆ పదకొండు రోజులూ వేరే దారి లేక తరగతులకు వెళ్లి పాఠాలు చెప్పుకోవలసి వచ్చింది.

ఈలోగా విమలమ్మ అరుగు సంగతి అబ్రహాము గారి చెవిన పడింది. పిలిపించారు.

“అమ్మా, మన స్టాఫ్ ట్యూషన్లు చెప్పకూడదని రూలు కదా?”

“ట్యూషన్ కాదు అయ్యగారూ. పైసలు తీసుకుంటలేను.”

“అది ఇంకా తప్పు. నువ్వు ఊరికే చెబితే మనం తీసుకునే ఫీజుకు అర్థమేముంటుంది? పైగా వాళ్లు సర్కారు పిల్లలు.”

“మీరే చెప్పిండ్రు గద, ఇది పిలుపని” అంది విమలమ్మ. “గా పిల్లలు పిలిచిండ్రు.”

అబ్రహాము గారు అలవాటుగా కళ్లు మూసుకున్నారు. చెడ్డవాడు కాదాయన. అయితే బడి నడపాలి కదా! ఆమెను తీసేస్తే అంత జీతానికి ఏడు పీరియడ్లు చెప్పి, గొర్రెల వేషాలు కుట్టే మనిషి ఎక్కడ దొరుకుతుంది? అందుకని క్షమించి, పొద్దుటి బస్సు డ్యూటీ కూడా ఆమెకే వేశారు.

రత్నాకర్ సారును క్షమించడం అంత తేలిక కాలేదు. హాజరు యాప్ ఉన్న ఫోనే పట్టిచ్చింది. ప్రేరకుడు ఉండాల్సిన చోట లేడని, పదకొండు రోజులుగా తన సొంత బడిలోనే తిరుగుతున్నాడని మ్యాపు మీద చుక్క చూపించింది. ఫిబ్రవరి మొదటి గురువారం మండల విద్యాధికారి జీపు దిగి నేరుగా పదో తరగతికి వచ్చారు. సారు అప్పుడు బోర్డు వైపు తిరిగి ఉన్నారు. తప్పించుకునే అవకాశమే లేదు.

మెమో అదే రోజు వచ్చింది. ‘విధులకు గైర్హాజరై, తరగతి గదిలో, విద్యార్థుల సమక్షంలో, చేతిలో సుద్దముక్కతో పట్టుబడినందున మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు.’

మర్నాడు సారు ఆఫీసుకు వెళ్లారు. అధికారికి ఆయనంటే అభిమానమే.

“ఏందయ్యా రత్నాకర్! ఇరవై ఏండ్ల సర్వీసుల ఒక్క మచ్చ లేదు. గిదేం పని?”

“సార్, మార్చిల పరీక్షలున్నయి.”

“ఉంటయి. ప్రతి ఏడాది ఉంటయి. వాటి కోసం డ్యూటీ ఎగ్గొడతవా?”

అధికారి కంప్యూటర్ సారు వైపు తిప్పారు. గైర్హాజరుకు కారణం ఎంచుకోవాలి. నాలుగే ఉన్నాయి: అనారోగ్యం, కుటుంబ కార్యం, ట్రాఫిక్, నెట్‌వర్క్ సమస్య.

“పాఠం చెప్పుడు అని రాయచ్చా సార్?”

“గట్ల రాస్తే ఇది తీసుకోదు.” అధికారి గొంతు తగ్గించారు. “అనారోగ్యం కొట్టు. నేను సంతకం పెడత.”

సారు తెర వంక కాసేపు చూసి, అనారోగ్యం మీద నొక్కారు. టిక్కు పడింది. మెమో మూసుకుపోయింది.

“శని, ఆదివారాలు మంచిగ రెస్ట్ తీసుకో” అన్నారు అధికారి. “మళ్ల తిరగబెట్టకుంట చూసుకో.”

సారు అలాగేనని తలూపి వచ్చారు. రెండు రోజులు ఇంట్లోనే ఉన్నారు. ఇంటిల్లిపాదీ జాగ్రత్తగానే చూసుకున్నారు.

ఏం లాభం? సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, పదో తరగతి గదిలో, జబ్బు తిరగబెట్టింది.